ఐరన్ మ్యాన్ అనకండి, బెల్టు మార్చండి

ఈ మధ్య గుడివాడలో కృత్రిమ కాళ్ల పంపిణీ సభ ఒకటి జరిగింది. మైకు పట్టుకున్న పెద్దమనిషి, ముందు వరసలో కొత్త కాళ్లు బిగించుకుని కూర్చున్నవాళ్లను చూసి, "ఇవాళ్టి నుంచి మీరు వికలాంగులు కారు, ఐరన్ మ్యాన్లు" అన్నాడు. చప్పట్లు మోగాయి, ఫోటోలు తీశారు. నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ చల్లారలేదు. ఆయనొక్కడి మాటే అయితే వదిలేసేవాణ్ణి. కాలో చెయ్యో పోయిన మనిషి కనిపిస్తే చాలు, అందరి నోటా ఇదే పాట. ఒంటికి మిషను తగిలిస్తే మామూలువాళ్లకంటే బలవంతుడైపోతాడట!

ఈ పిచ్చి రెండో ప్రపంచ యుద్ధకాలపు బొమ్మల పుస్తకాల్లోంచి వచ్చింది. 1942 ఏప్రిల్ తేదీతో వెలువడిన 'స్టార్ స్పాంగిల్డ్ కామిక్స్' ఏడో సంచికలో, సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన ఇద్దరిలో ఒకడైన జెర్రీ సీగెల్ రోబోట్‌మ్యాన్‌ను తెచ్చాడు. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్తను దుండగులు కాల్చేస్తారు. సహాయకుడు అతని మెదడును ఇనప ఒంట్లో పెడతాడు. ఇక అతను లేచి దొంగల వెంట పడతాడు. అమెరికా యుద్ధంలోకి దిగి అప్పటికి కొద్ది నెలలే. యుద్ధం ముగిసేసరికి ఆ దేశ సైన్యంలో సుమారు 15 వేల మంది కాళ్లో చేతులో పోగొట్టుకున్నారు. వాళ్లకిచ్చిన పెట్టుడు కాళ్లు ఎంత నాసిగా ఉన్నాయంటే, 1945లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రత్యేకంగా పరిశోధన మొదలుపెట్టాల్సి వచ్చింది. బొమ్మల్లో రోబోట్‌మ్యాన్‌కు మాత్రం ఎక్కడా ఒరిపిడి లేదు, పుండు లేదు, మరమ్మతు బిల్లు లేదు. ఆ అబద్ధాన్నే ఎనభై ఏళ్ల తర్వాత కూడా మన సభల్లో అప్పచెబుతున్నారు.

అదే యుద్ధంలో గాయపడ్డ మన సైనికుల కోసం 1944లో పుణేలో కృత్రిమ అవయవాల కేంద్రం పెట్టారు. ఐరన్ మ్యాన్ సినిమాలన్నీ వరసగా చెప్పగల కుర్రాళ్లకు ఆ సంగతి ఎవరైనా చెప్పారా? ఋగ్వేదంలో అశ్వినులు విశ్పలకు ఇనప కాలు పెట్టారు కదా అని లేచేవాళ్లూ ఉన్నారు. ఉండనివ్వండి. ఆ ఋక్కు ఎన్నిసార్లు వల్లించినా అవనిగడ్డలో ఒక్కరి పెట్టుడు కాలి సాకెట్టూ, అంటే మిగిలిన కాలు దూర్చే తొడుగూ, సరిపోదు.

మా పెదనాన్న కొడుకుది దివిసీమ. షుగరుతో పాదం కుళ్లి మోకాలి కింద తీసేశారు. ఒక క్యాంపులో ఉచితంగా కాలిచ్చారు. ఇచ్చినందుకు దణ్ణం పెడతాను. కానీ కాలు తీసేశాక మిగిలిన మొండి నెలలు గడిచేకొద్దీ సన్నబడుతుంది. అన్నయ్య మొదట ఒక మేజోడు తొడిగేవాడు, తర్వాత రెండు, తర్వాత మూడు. అయినా సాకెట్టు వదులే. షుగరు మనిషికి అక్కడ స్పర్శ సరిగా ఉండదు, ఒరుసుకుపోయినా నొప్పి తెలియదు. అందుకని రోజూ సాయంత్రం మేజోళ్లు తీసి, చేతి అద్దం కింద పెట్టి మొండి అడుగున ఎర్రబడిందేమో చూసుకుంటాడు. ఒక రోజు బెల్టు తెగింది. క్యాంపు వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, ఇచ్చిన నంబరు ఎవరూ ఎత్తరు. వలకు వాడే నైలాను తాడుతో కట్టుకుని గట్టు మీద నడిచి కింద పడ్డాడు. ఇప్పుడు ఆ కాలు తలుపు వెనక ఉంది, ఆయన చంకకర్ర మీద ఉన్నాడు. ఈయనేనా మీ ఐరన్ మ్యాన్?

'మయూరి' చూడలేదా, జైపూర్ కాలితో సుధాచంద్రన్ నాట్యం చెయ్యలేదా అంటారు. చేసింది, మహాసాధన ఆమెది. అయితే కాలు పోయిన ప్రతివాడూ గజ్జె కట్టి నిరూపించుకోవాలా? చెరువు గట్టు దాకా వెళ్లి రాగలిగితే చాలదా?

ఆ జైపూర్ కాలి కథే అసలు చెప్పుకోదగ్గది. విదేశీ పెట్టుడు పాదం బూటు కోసం తయారైంది. దానితో గొంతుక్కూర్చోలేం, బాసింపట్టు వేయలేం, ఒట్టికాళ్లతో బురదలో దిగలేం. పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి 1960ల చివర్లో రబ్బరుతో, చెక్కతో మన నేలకు పనికొచ్చే పాదం చేశారు. దమ్ము చేసిన చేలో దిగినా నిలుస్తుంది. దాని సాకెట్టు నీళ్ల గొట్టాలకు వాడే హెచ్‌డీపీఈ పైపును వేడిచేసి, మొండి అచ్చు మీద లాగి చేస్తారు. అందులో మంత్రం లేదు, పనితనం ఉంది.

ఆ పనితనం మా బందరుకు కొత్తా? 1926లో ఇక్కడ పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. సైనికుడు చీకట్లో చూడటానికి కావలసిన పరికరాలు అక్కడ తయారవుతాయి. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనివాళ్లు వెంట్రుకంత తీగను వంచి అతుకుతారు. సైనికుడి కంటికి సాయం చేసే ఊరు రైతు కాలికి బెల్టు కుట్టలేదా? చేతకాక కాదు, ఎవరూ అడగక. సూపర్ హీరో అన్నాక కాలు పోయినవాడు ఇక ఏం అడుగుతాడు? అడిగితే పరువు తక్కువ. సదరం వైకల్య సర్టిఫికెట్టు, పింఛను మాటెత్తినా "నీకేమయ్యా, మిషను కాలుంది కదా" అనేవాళ్లను నా చెవులతో విన్నాను.

నేను కోరేది పెద్ద ఆసుపత్రి కాదు. బందరులో 2023లో మెడికల్ కాలేజీ తెరిచారు. ఆ పంచన ఏడాది పొడుగునా తెరిచి ఉండే ఒక గది, పైపు వేడిచేసే ఓవెను, ప్లాస్టరు, తోలు, శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు పనివాళ్లు కావాలి. డబ్బు ఎవరు పెట్టాలి, జీతాలు ఎవరివ్వాలి అన్నది కూర్చుని తేల్చుకోవచ్చు. నాగాయలంకలో పొద్దున బస్సెక్కినవాడు బాగుచేసిన కాలితో సాయంత్రం బస్సుకు ఇంటికి తిరిగి వెళ్లగలగాలి.