నేల పట్టుకున్న మందుకు చట్టంలో చోటేది?

2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీదికీ అనుమానం మళ్లింది. అప్పటి నుంచి నిడదవోలు నుంచి భీమవరం దాకా ఎక్కడ చేపలు తేలినా, బోరు నీళ్లు వాసనేసినా, డెల్టా నేలంతా విషమైపోయిందన్న మాటే తిరిగి వినిపిస్తోంది. మట్టిలో ఫలానా మందు ఇంత దొరికిందని ఒక అంకె వేసి వార్త ముగిస్తున్నారు. ఆ అంకెతో రైతుకు గానీ, ఆ నీళ్లు తాగేవాళ్లకు గానీ తెలిసేది చాలా తక్కువ. మందు ఎంత ఉందన్నది ఒక ప్రశ్న. నేల దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంది, ఎప్పుడు వదులుతుంది అన్నది వేరే ప్రశ్న. రెండోది అడిగేవాళ్లే కనబడటం లేదు.

ఇది కంటితో చూడాలంటే పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. రెండు గాజు సీసాల్లో నీళ్లు పోసి మిథిలీన్ బ్లూ రంగు కొద్ది చుక్కలు వేయండి. ఒకదాంట్లో నిడదవోలు పల్లపు చేలోని నల్లమట్టి, రెండోదాంట్లో దేవరపల్లి మెరకలోని ఎర్ర ఇసుకమట్టి చెంచాడేసి గిలక్కొట్టి, మట్టి అడుక్కి దిగేదాకా కదపకుండా ఉంచండి. నల్లమట్టి సీసాలో నీలం చాలావరకు మట్టితోపాటే అడుక్కి పోతుంది. ఎర్రమట్టి సీసాలో నీళ్లు ఇంకా నీలంగానే ఉంటాయి. నల్లరేగడి బంకరేణువుల పొరల మీద రుణావేశం ఉంటుంది. ఆ రంగుది ధనావేశం. గట్ల మీద కొట్టే పారాక్వాట్ కూడా ఇదే జాతి. అందుకే అది నల్లమట్టిని తాకగానే పని చేయడం మానేస్తుంది, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. అదే నేలలో 2,4-డి ఆవేశం మారి రుణావేశం అవుతుంది కాబట్టి మట్టి దాన్ని దగ్గరకు రానివ్వదు, నీటి వెంట పోతుంది. మోనోక్రోటోఫాస్, నారుమడిలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలు నీళ్లలో బాగా కరుగుతాయి, నేల పట్టు వాటి మీద చాలా తక్కువ. క్లోరిపైరిఫాస్, డీడీటీ నీటికి పొసగవు, మట్టిలోని సేంద్రియ కర్బనానికి అంటుకుంటాయి. గ్లైఫోసేట్‌ది మరో దారి. రంగును వదిలేసిన ఎర్రమట్టే దాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది, ఎందుకంటే అది భాస్వరంలాగే ఇనుము ఆక్సైడ్‌కు అతుక్కుంటుంది. తర్వాత డీఏపీ పడితే చోటు కోసం ఆ రెండూ పోటీ పడతాయి. ఇన్ని తేడాలుండగా నేలంతా విషం అనేస్తే ఎవరికి ఉపయోగం?

ఏలూరు రోజుల్లో డీడీటీ, బీహెచ్‌సీ లాంటి ఆర్గానోక్లోరిన్ల మాట బయటికి రాగానే, నిషేధించిన మందు ఇంకా ఎవరు కొడుతున్నారని అడిగారు. డీడీటీని 1989లో సాగులో నిషేధించారు, బీహెచ్‌సీని 1997లో ఆపేశారు. ఎవరూ కొట్టకపోయినా నేలలో మిగిలి ఉండొచ్చు. అయితే అన్ని నేలల్లోనూ ఒకేలా కాదు. నీళ్లు నిలిచిన వరిమడిలో గాలి అందని సూక్ష్మజీవులు బీహెచ్‌సీని త్వరగా విరగ్గొడతాయని 1960ల్లోనే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో తేలింది. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో ఎన్. సేతునాథన్ ఈ దారిలోనే ఏళ్ల తరబడి పనిచేశారు. డయాజినాన్‌ను, పారాథియాన్‌ను తినేసే బ్యాక్టీరియా గురించి 1973లో లోకానికి చెప్పిన ఇద్దరిలో ఆయన ఒకరు. కాబట్టి సార్వా, దాళ్వా రెండూ పండే పల్లపు చేను కంటే, మెట్ట చేలలోనే ముందు వెతకాలి. అక్కడ కూడా వెతకాల్సింది బీహెచ్‌సీలో పురుగును చంపే గామా రూపం కోసం కాదు, అన్నిటికంటే మొండిదైన బీటా కోసం.

పట్టుకోవడం అంటే నాశనం చేయడం కాదు. మట్టి పొరల్లో ఇరుక్కున్న మందు నీటికి అందదు, సూక్ష్మజీవికీ అందదు. అందుకే త్వరగా విరగదు. వేసవిలో కాలువలు కట్టేశాక చేలు నెర్రెలిస్తాయి. తొలకరి నీరు ఆ నెర్రెల్లోంచి మట్టికి తగలకుండానే నేరుగా కిందికి దిగిపోతుంది. ఇక వరదలో మట్టే కదిలిపోతుంది. 2024 జులైలో ఎర్రకాలువ పొంగి నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు చేలను ముంచినప్పుడు చేల మీద నిలిచిన ఆ ఎర్రనీటిలో ఉన్నది నీరొక్కటే కాదు. మెరక నుంచి కొట్టుకొచ్చిన ఇనుపమన్ను, దాన్ని అంటుకున్నవన్నీ ఉన్నాయి. ఎన్ని ఎకరాలు మునిగాయో లెక్కపెట్టారు. మిగిలిన ఒండ్రును ఎవరైనా సీసాలో పట్టారా?

పట్టమని చట్టం అడగదు. అసలు లోపం అక్కడుంది, అది పుట్టుకతో వచ్చిన లోపం. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఓడలో తిండిసరుకుల పక్కనే పురుగుమందు పెట్టారు, అది కారింది. జస్టిస్ జె.సి. షా విచారణ, ఆ తర్వాత నిపుణుల కమిటీ, చివరికి 1968 కీటకనాశినుల చట్టం. ఓడ అడుగున పుట్టిన ఆ చట్టానికి డబ్బా, లేబులు, రవాణా, అమ్మకం, వాడకం కనిపిస్తాయి. మనుషులకు, జంతువులకు ముప్పు తప్పించడం దాని లక్ష్యం. నేల అన్న మాట ఆ లక్ష్యంలో లేదు. రిజిస్ట్రేషన్ వేళ కంపెనీ నుంచి నేలలో నిలకడ వివరాలు అడుగుతారు. కానీ ఆ మందు తర్వాత ఏ చేలో ఎంత మిగిలిందో చూడాలన్న నిబంధన చట్టంలో లేదు. తిండికి పరిమితులున్నాయి. తాగునీటికి ఐఎస్ 10500 ఉంది, అందులో ఆల్ఫా హెచ్‌సీహెచ్‌కు (బీహెచ్‌సీకే మరో పేరు హెచ్‌సీహెచ్) లీటరుకు 0.01 మైక్రోగ్రాము దాకా పట్టింపు ఉంది. చేలోని మట్టికి 1968 చట్టం ఏ అంకే ఇవ్వలేదు.

అయినా కొత్త చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదన్నది నా వాదన. 2020 మార్చిలో రాజ్యసభకు వచ్చిన పురుగుమందుల బిల్లు గురించే అంతా మాట్లాడుతున్నారు. పాత చట్టంలోని 26, 27 సెక్షన్లు చదవండి. మందు వాడకం వల్ల గానీ, చేతితో తాకడం వల్ల గానీ జరిగిన విషప్రభావాన్ని నివేదించమని రాష్ట్రం ఆదేశించొచ్చని 26 అంటుంది. ఆ నివేదికతో గానీ మరోలా గానీ ముప్పు తెలిస్తే, ఫలానా ప్రాంతంలో ఆ మందు అమ్మకాన్ని, వాడకాన్ని అరవై రోజుల దాకా ఆపొచ్చని 27 అంటుంది. జంతువులంటే చేపలూ, కోళ్లూ కూడా అని నిర్వచనమే చెబుతోంది. ఇక 'వాడకం' ఎక్కడ ముగుస్తుంది? స్ప్రేయర్ ట్యాంకు ఖాళీ అయినప్పుడే ముగిసిందని చదువుతున్నారు కాబట్టే ఏలూరు లాంటి ఘటనల్లో ఈ సెక్షన్లు ఎవరికీ గుర్తుకు రావు. అక్కడ జనం మందు కొడుతూ పడిపోలేదు. నేల పట్టుకుని, ఏడాది తర్వాత ఒండ్రుతో వదిలిన మందు కూడా ఆ వాడకంలో భాగమే. అలా చదవడానికి చట్టంలో ఏ అడ్డూ లేదు. ఎర్రకాలువలో చేప చచ్చినా అరవై రోజుల అధికారం రాష్ట్రం చేతిలో ఉన్నట్టే.

దానికి ముందు మట్టి లెక్క కావాలి. 2015లో వచ్చిన భూసార కార్డులో 12 గుణాలు రాస్తున్నారు. వాటిలో పురుగుమందు లేదు. కానీ మందును పట్టుకునే సేంద్రియ కర్బనం అంకె ఉంది. దాళ్వా కోతల తర్వాత గడ్డి తగలబెట్టిన చేలో ఆ బొగ్గు కూడా మందును బాగా పీల్చుకుంటుంది. కలుపు మందు పని చేయడం లేదని మోతాదు పెంచే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. వరద తీసిన వారంలో నిడదవోలు మండలంలో పది చేల ఒండ్రు తీసి, కర్బనంతో పాటు బీటా హెచ్‌సీహెచ్, క్లోరిపైరిఫాస్, గ్లైఫోసేట్ కొలవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు. దాన్ని వచ్చే సార్వా ఊడ్పుల లోపే ఇవ్వాలి.