వెచ్చని స్టీరింగు విలాసమేనా?

స్టీరింగు చక్రాన్ని వేడి చేసుకోవడం ధనికుల విలాసమని మన మిత్రులలో పలువురు కొట్టివేస్తారు. వేసవిలో కారెక్కే ముందు కాలుతున్న చక్రంపై తడిగుడ్డ వేసుకునే బెజవాడ వారికి అలా తోచుట సహజమే. మినియాపోలిస్‌లో మా అమ్మాయి ఇంట ఒక జనవరి మాసం గడిపిన నాకు మాత్రం ఆ మాట రుచించదు. సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన మందపాటి చేతితొడుగులతో పట్టుకుంటే చక్రం జారుతుంది. తొడుగులు తీస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. విద్యుత్తు కార్లలోనైతే ఇది పొదుపు కూడా. కారులోని గాలిని వేడెక్కించడానికి వేల వాట్లు కావలసినచోట, చక్రానికి వంద వాట్ల లోపే సరిపోతుంది.

ఇందులోని కీలకం పెద్దదేమీ కాదు. తోలు కింద సన్నని తీగల అల్లిక, దానికి 12 వోల్టుల కరెంటు, వేడిని కనిపెట్టి కరెంటును ఆపుతూ వదులుతూ ఉండే చిన్న సాధనం. మరి గిరగిర తిరిగే చక్రానికి కరెంటు అందేదెలా? గడియారపు స్ప్రింగు వలె చుట్టలు చుట్టిన ఒక పట్టీ ద్వారా. దాని పేరూ క్లాక్ స్ప్రింగే. (దీనికి చక్కని తెనుగుమాట ఎవరైనా కట్టగలరా?) హారనుకూ, ఎయిర్‌బ్యాగుకూ వెళ్ళే తీగలు సాధారణంగా అందులోనివే.

కనుక చక్రం చల్లబడితే ముందు ఫ్యూజు చూడవలె. కొన్ని కార్లలో చేతులు పట్టే రెండు పక్కలే వేడెక్కుతాయి. అది లోపం కాదు. కాని వేడి పోవడంతోపాటు హారను మూగబోయి, ఎయిర్‌బ్యాగు దీపం కూడా వెలిగిందా, ఆ పట్టీ తెగి ఉండవచ్చు. అప్పుడది సుఖానికి కాక ప్రాణానికి సంబంధించిన సంగతి. అలాగని ఇంట్లో స్క్రూడ్రైవరు పుచ్చుకొని కూర్చోరాదు. ఎయిర్‌బ్యాగును విప్పార్చేది మందుగుండే సుమా!

నా ఫిర్యాదు తయారీదారుల మీద. తోలు కింద తీగ ఒక్కచోట తెగితే, తరచుగా చక్రం మొత్తం మార్చుకొమ్మంటారు. మా అమ్మాయి కారుకూ అదే తీర్పు వచ్చింది. గుండీ ఊడిన చొక్కాను పారవేసి కొత్తది కుట్టించుకొమ్మన్నట్లున్నది! బాగుచేయ వీలులేని వస్తువును అమ్మడం ఒక ఎత్తు. అమ్మిన వస్తువుకు అద్దె అడగడం మరొక ఎత్తు. 2022లో బీఎండబ్ల్యూ సంస్థ కొన్ని దేశాలలో, కారులో అమర్చి ఉన్న సీటు వేడికీ స్టీరింగు వేడికీ నెలసరి చందా పెట్టింది. జనం ఈసడించుకోగా, సీట్ల చందాను 2023లో విరమించుకున్నది.