గెడ్డ అంటే మురుగు కాదు, ఓటు లేదంటే నోరు లేదని కాదు

జై ఆదివాసీ. పోస్ట్ పెద్దదే, సగంలో ఆపకుండా చివరిదాకా చదవండి. ఇది విశాఖలో మా హాస్టల్ వెనకున్న గెడ్డ గురించి, పోయిన నెల మేం పడిన ఒక మాట గురించి.

మన ఊళ్లలో గెడ్డ అంటే కొండ మీంచి దిగే నీళ్లు. అమ్మ బిందె ముంచేది అక్కడే, పశువులు తాగేది అక్కడే, మనం ఈత నేర్చుకున్నదీ అక్కడే. సిటీకి వచ్చిన మొదటి వారం ఒక సీనియర్ అన్న "హాస్టల్ వెనక గెడ్డ ఉంది" అంటే మాలో ముగ్గురు తువ్వాళ్లు భుజానేసుకుని బయల్దేరారు. నవ్వకండి, నిజం. వెళ్లి చూస్తే నల్లటి నీళ్లు, కోడి ఈకలు, కవర్లు. ఈ సిటీలో ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ అని పేర్లు ఇంకా వాడుతున్నారు. అవి కూడా ఒకప్పుడు కొండ మీద పడ్డ వాన సముద్రానికి పోయే దారులే. ఇప్పుడు ఆ మాటకి ఇక్కడ మురుగుకాలవ అని అర్థం. మన అమ్మలు దణ్ణం పెట్టుకునే మాటని ఇక్కడ ముక్కు మూసుకుని పలుకుతున్నారు.

మా గెడ్డలో ఎవరు ఏం పోస్తున్నారో మేం రెండు నెలలు చూశాం. చికెన్ షాపుల వాళ్లు రాత్రి మూటలు విసిరేస్తారు. పకోడీ బండి బాబాయిని అడిగితే "చెత్త బండి పొద్దున్నే వస్తది, నేను రాత్రి పదకొండుకి కట్టేస్తాను, ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఆయన మాకు అప్పు మీద టిఫిన్ పెట్టే మనిషి, మా కోపం ఆయన మీద కాదు. అసలు సంగతి లారీలది. పాత ఇళ్లు పడగొట్టిన ఇటుకలు, సిమెంటు పెళ్లలు తెచ్చి గట్టు మీద దింపుతున్నారు. గట్టు మెల్లిగా లోపలికి జరుగుతోంది, గెడ్డ సన్నబడుతోంది. పూడిన చోట ముందు రేకుల షెడ్డు వచ్చింది, తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఫ్లెక్సీ మీద నవ్వే మొహాలు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు.

వర్షాలకి నీళ్లు పోయే దారి లేక మా కింద గదుల్లోకి వచ్చాయి. తర్వాత జ్వరాలు. మా జూనియర్ తమ్ముడొకడికి డెంగీ అని తేలింది. డెంగీ దోమ మురుగులో పుట్టదు, నిలవున్న మంచి నీళ్లలో పుడుతుంది అని మాకు పాఠం చెప్పిన పెద్దలున్నారు. నిజమే సార్. ఆ లారీల చెత్తలో టైర్లున్నాయి, కొబ్బరి బొండాలున్నాయి, డబ్బాలున్నాయి. వాటిలో నిలిచింది వాన నీళ్లే. తమ్ముడు ఇంటికెళ్లిపోయాడు, సెమిస్టర్ పరీక్షలు పోయాయి. జ్వరం తగ్గాక కూడా వాళ్లమ్మ పంపనంటోంది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు వాడు. మనలో చాలామందిమి అలాంటివాళ్లమే కదా. ఒక టైరులో నిలిచిన నీళ్లు ఒక ఇంటి మొదటి డిగ్రీని ఆపేస్తున్నాయి.

మేం పదిమందిమి కాగితం రాసుకుని వార్డు నాయకుడి దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితం చదవలేదు. "మీకు ఇక్కడ ఓటుందా?" అన్నాడు. లేదు సార్ అన్నాం. "మరి మీకేటి? సదువుకోడానికొచ్చారు, సదువుకొని ఎల్లిపోండి." పక్కనున్నవాళ్లు నవ్వారు. మేం బయటికొచ్చేశాం. ఆ రోజు నోరు రాలేదు. ఇప్పుడు చెప్తున్నాం.

ఒకటి. ఈ సిటీ కుళాయిల్లో వచ్చే నీళ్లలో కొంత తాటిపూడి నీళ్లు, కొంత రైవాడ నీళ్లు. తాటిపూడిది గోస్తని. ఆ గోస్తని పుట్టింది అనంతగిరి కొండల్లో, బొర్రా మీదుగా దిగింది. అంటే మన గెడ్డలన్నీ కలిసిన నీళ్లు. అవి తాగేటప్పుడు మా ఓటు ఎక్కడుందో ఎవరూ అడగలేదు. శని, ఆదివారాలు కార్లేసుకుని వనజంగి వచ్చి సీసాలు, ప్లేట్లు పారేసి పోయేవాళ్లని "మీకు ఇక్కడ ఓటుందా" అని మన ఊరి వాళ్లు ఏనాడూ అడగలేదు.

రెండు. రాజ్యాంగం ఆర్టికల్ 21లో ఓటరు అనే మాట లేదు, వ్యక్తి అని ఉంది. కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది.

మూడు. అడక్కపోతే ఏమవుతుందో ఈ సిటీకే బాగా తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో రాసింది. కాగితం ఉంది. చదివి ఆపినవాళ్లు లేరు. ఆ చుట్టుపక్కల అందరికీ ఓట్లున్నాయి కదా, మరి ఓట్లు కాపాడాయా?

అడిగితే ఏమవుతుందో కూడా మనకే తెలుసు. అనంతగిరి మండలం నిమ్మలపాడు దగ్గర గనుల మీద మొదలైన గొడవే 1997లో సమత తీర్పు అయింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు అడిగిన మన పెద్దల్లో ఎంతమంది డిగ్రీ చదివారు? మనకి చదువుంది, నోరు లేదా?

మన తప్పు కూడా రాయాలి, లేకపోతే ఈ పోస్టుకి విలువ లేదు. మా హాస్టల్ మెస్సులో మిగిలిన అన్నం కూడా ఆ గెడ్డలోకే పోయేది. కిటికీలోంచి చిప్స్ కవర్లు విసిరింది మేమే. కాగితం రాసేముందు అది ఆపాం. ఇప్పుడు తడి, పొడి వేరు చేసి బండికిస్తున్నాం. ఊళ్లో గెడ్డలో ఉమ్మితే తాత కొట్టేవాడు. ఇక్కడ కొట్టే తాత లేడని మనం మారిపోయాం.

గ్రూపులో కొందరు అన్నలు "అయితే ఓటు సిటీకి మార్చుకోండి, అప్పుడు భయపడతారు" అంటున్నారు. హాస్టల్ అడ్రస్ మీద ఓటు రాయించుకోవచ్చు, నిజమే. కానీ రెండు చోట్ల ఉండదు. 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లు. ఇక్కడ మురుగుకాలవ కోసం ఓటు మార్చుకుంటే, రేపు మన కొండ మీద ప్రాజెక్టు అని వస్తే గ్రామసభలో మన చెయ్యి లేవదు. చదువుకున్న పిల్లలంతా జాబితాలోంచి పోతే లాభపడేది ఎవరో ఆలోచించండి. మా మాట ఒక్కటే: ఓటు ఊళ్లోనే ఉంటుంది, ప్రశ్న ఎక్కడ బతుకుతామో అక్కడ ఉంటుంది.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం. అడిగేవి మూడే. గట్టు మీద లారీ దింపుడు ఆపాలి. పూడ్చింది తీసి గెడ్డ హద్దు కొలిచి రాళ్లు పాతాలి. షాపుల వాళ్ల కోసం రాత్రి ఒక చెత్త బండి తిప్పాలి. పకోడీ బాబాయి కూడా సంతకం పెట్టాడు. ఆయనకి ఇక్కడ ఓటుంది, ఆయనకీ భయం ఉంది, అయినా పెట్టాడు.

మిగతా హాస్టళ్ల వాళ్లు మీ వెనక ఏ గెడ్డ ఉందో, ఎవరు పూడుస్తున్నారో తేదీ వేసి ఫోటోలు తీసి పెట్టండి. సోమవారం పదిమందిమే వెళ్తే మళ్లీ నవ్వుతారు. వందమందిమి వెళ్తే కాగితం చదువుతారు. రసీదు తీసుకోకుండా రావద్దు.

తమ్ముడి వాళ్లమ్మకి ఫోన్ చేశాం. "గెడ్డ బాగైనాక పంపుతాను" అంది. ఆమె గెడ్డ అన్నప్పుడు ఆమె కళ్ల ముందున్నది మన ఊరి గెడ్డే.

జై ఆదివాసీ.
ఇట్లు, విశాఖ హాస్టల్ విద్యార్థులం