రెండు వయసుల బిడ్డ

గర్భంలో 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డ నెలలు నిండని బిడ్డ. 2020లో ప్రపంచమంతటా ఇలా పుట్టినవారు సుమారు కోటీ 34 లక్షల మంది. వారిలో 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారు. ఏడో నెలలో పుడితే బతుకుతుందని, ఎనిమిదో నెలలో పుడితే దక్కదని కృష్ణా డెల్టాలో పెద్దవాళ్లు చెప్పే మాటకు ఆధారం లేదు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే.

ఆ లాభం ఎక్కువగా మెదడుకు దక్కుతుంది. 34 వారాల మెదడు బరువు నిండు నెలల మెదడులో మూడింట రెండు వంతులే. మిగతా పెరుగుదల వార్డు దీపాల కింద, సూదిపోట్ల నడుమ జరగాలి. మరీ ముందుగా పుట్టినవారి మెదడులో సన్నని రక్తనాళాలు చిట్లవచ్చు, కాళ్లను కదిలించే నరాల దారులు దెబ్బతినవచ్చు. డైపర్ మార్చేటప్పుడు బిడ్డ కాళ్లు బిగుసుకుని కత్తెరలా ఒకదానిపై ఒకటి పడుతుంటే ఆ సంగతి వెంటనే డాక్టరు చెవిన వేయాలి.

విజయవాడ గవర్నర్‌పేటలో పిల్లల డాక్టర్ల గదుల ముందు బల్లల మీద గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు బస్సులు దిగి వచ్చిన తల్లులు కనిపిస్తారు. వెంట వచ్చిన నాయనమ్మ ఫిర్యాదు తరచుగా ఒకటే: ఆరు నెలలొచ్చినా పిల్ల బోర్లా పడలేదు. పిల్ల 30 వారాలకే పుట్టి ఉంటే నిండు 40 వారాలకు తక్కువైన పది వారాలను ఆ ఆరు నెలల్లోంచి తీసేయాలి. అప్పుడు మిగిలేది నాలుగు నెలలకు కాస్త తక్కువ. దీన్నే సవరించిన వయసు అంటారు. తెలుగిళ్లలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతారు. రెండేళ్లు వచ్చేదాకా ఆ పంపకాలన్నీ ఈ లెక్కనే జరగాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క. ఇళ్లలో ఈ రెండూ తారుమారవుతుంటాయి. పిల్ల సన్నగా ఉందని టీకా వాయిదా వేస్తారు, నడక మాత్రం పక్కింటి పిల్లతో పోలుస్తారు. అయితే సవరించిన లెక్కలోనూ నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోతే, తొమ్మిది నెలలకూ కూర్చోలేకపోతే ఇక ఆగకూడదు.

కంటి పరీక్షకు గడువు ఇంకా తక్కువ. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ బరువున్నా పుట్టిన 30 రోజుల్లోపు కంటి లోపలి పొర రెటీనాను పరీక్ష చేయించాలి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే. రెటీనా దెబ్బతింటున్నా పైకి కన్ను మామూలుగానే ఉంటుంది, అందుకే మోసపోతారు. రెటీనా ఊడాక పోయిన చూపు తిరిగి రావడం అరుదు, లేజర్ చికిత్స దానికి ముందే జరగాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ పరీక్షల కార్యక్రమాన్ని 1990ల చివర్లోనే మొదలుపెట్టింది. విజయవాడ పక్కన తాడిగడపలో ఆ సంస్థ ప్రాంగణం ఉంది. వినికిడి పరీక్ష కూడా ఇంటికి పంపేముందే చేయించడం మేలు.

ఖర్చులేని వైద్యం ఒకటుంది. కొలంబియాలోని బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచారు. ఆ కంగారూ పద్ధతి ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. ఇంటికొచ్చాక పట్టే సాంబ్రాణి పొగ మాత్రం ఈ పిల్లల ఊపిరితిత్తులకు పడదు, ఎంత ఆచారమైనా.

డెల్టాలో పరీక్షల వరస తెగిపోయేది ఆస్పత్రిలో కన్నా ఆచారంలోనే. తొలి కాన్పు పుట్టింట్లో. మూడో నెలో ఐదో నెలో వచ్చాక తల్లీబిడ్డలు అత్తగారి ఊరికి. అక్కడి ఆశా కార్యకర్త రిజిస్టర్లో ఆ పిల్ల పేరుండదు, డిశ్చార్జి కాగితాల ఫైలు పుట్టింటి బీరువాలోనే ఉండిపోతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల లోపాలను ముందే పట్టి చికిత్స చేసేందుకు జిల్లా కేంద్రాలున్నాయి. కానీ పంపేవాళ్లకు పిల్ల ఎన్ని వారాలకు పుట్టిందో తెలియాలి కదా.

34 వారాలు దాటి పుట్టినవారిలో చాలామంది రెండేళ్లకే తోటివాళ్లను అందుకుంటారు. కొందరిలో తేడా బడికి వెళ్లాక బయటపడుతుంది: లెక్కలు పట్టుబడవు, ఒకచోట కుదురుండదు. టీచరు అల్లరి పిల్లాడంటుంది. బడిలో చేర్చేటప్పుడు నింపే కాగితంలో పుట్టిన తేదీకే గడి ఉంటుంది, వారాలకు ఉండదు.