అవతార పరమార్థం

‘అవతారం’ అంటే దిగి రావడం. భగవంతుడు ఎందుకు దిగి వస్తాడని అడిగితే, దుష్టులను శిక్షించడానికి, శిష్టులను రక్షించడానికి అనే సమాధానం వెంటనే వస్తుంది. భగవద్గీత నాలుగో అధ్యాయంలో శ్రీకృష్ణుడు అర్జునుడికి చెప్పిన మాటకు ఇది సంగ్రహం. అయితే లోకంలో ఈ సమాధానంలోని మొదటి సగానికే ప్రచారం ఎక్కువ. అవతారమనగానే సుదర్శన చక్రమో, నరసింహుని గోళ్లో మనసులో మెదులుతాయి. (పౌరాణిక నాటకాలలోనూ, చలనచిత్రాలలోనూ చప్పట్లు మోగేది అసుర సంహార ఘట్టానికే కదా!)

సంకల్పమాత్రం చేత సృష్టి స్థితి లయాలను నిర్వహించేవాడు ఒక రాక్షసుణ్ణి వధించడానికి స్వయంగా దిగి రావాలా? పూర్వ వ్యాఖ్యాతలు ఈ విషయాన్ని లోతుగా ఆలోచించారు. భగవంతుడు లోకానుగ్రహం కోసం మాయచేత దేహం ధరించినట్లు కనిపిస్తాడని శంకరాచార్యులు వివరించారు. రామానుజాచార్యులు మరో మార్గంలో నడిచారు. తనను చూడక, తనతో మాట్లాడక క్షణమైనా నిలువలేని భక్తులకు తన దర్శనాన్ని, సంభాషణను ప్రసాదించడమే సాధు రక్షణ అని ఆయన గీతాభాష్యం తాత్పర్యం. ఈ గుణాన్నే వైష్ణవ సంప్రదాయం ‘సౌలభ్యం’ అంటుంది. అవతార తత్త్వానికి ఇదే ప్రాణమనడం సమంజసం.

భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర ఇందుకు నిదర్శనం. పదిహేనో శతాబ్దంలో బమ్మెర పోతన దీన్ని తెలుగువారి ఇంటింటి కథగా మలిచాడు. మనిషీ మృగమూ కాని రూపం, పగలూ రాత్రీ కాని వేళ, లోపలా వెలుపలా కాని చోటు అంటూ హిరణ్యకశిపుని వరాలకు దొరికిన మినహాయింపులను చాలామంది మెచ్చుకుంటారు. అది కథలోని చమత్కారం మాత్రమే. స్తంభం నుంచి హరి ఎందుకు వెలువడ్డాడో భాగవతమే స్పష్టంగా చెప్పింది. తన భక్తుని మాటను నిజం చేయడానికి, సర్వభూతాలలో తాను ఉన్నానని నిరూపించడానికి! అక్కడ సంహారం ప్రస్తావన లేదు. అది తర్వాత జరిగిన కార్యం.

ఆ తర్వాతి ఘట్టం మరింత గంభీరమైనది. శత్రువు మరణించినా స్వామి ఆగ్రహం చల్లారలేదు. దేవతలు దూరంగా నిలిచి స్తుతించారు. లక్ష్మీదేవి సైతం ఆ రూపాన్ని చూసి దగ్గరకు వెళ్లలేకపోయింది. చివరకు బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపాడు. పాదాలపై వాలిన ఆ బాలుని శిరస్సుపై స్వామి తన చేతిని ఉంచాడు. తండ్రిని చీల్చిన చేయి అదే. అయినా ఆ బాలుడు భయపడలేదు.

దేవుడు వచ్చి అన్నీ చక్కదిద్దుతాడని చేతులు ముడుచుకుని కూర్చునేవారికి ఈ కథలో ఆధారం దొరకదు. స్తంభం పగలడానికి ఎంతో ముందే, గురువులైన చండామార్కులు లేని వేళ, ప్రహ్లాదుడు తోటి విద్యార్థులను చేరదీసి సర్వప్రాణులపట్ల దయ, మైత్రి కలిగి ఉండాలని బోధించాడు. విషం, అగ్ని, ఏనుగులు ఎదురైనప్పుడూ ఎవరినీ శపించలేదు. హరి అన్నిటా ఉన్నాడని నమ్మినవాడికి హింసించేవాడిలోనూ హరియే కనిపించాలి. ఈ నమ్మకాన్ని చెప్పడం తేలిక, దానితో జీవించడం కష్టం. నృసింహుణ్ణి కొలిచి, పొరుగువాణ్ణి ద్వేషించేవారి భక్తి ఎంతటిదో ఎవరికి వారు ఆలోచించుకోవలసినదే.

వరం కోరుకొమ్మంటే ప్రహ్లాదుడు, తన హృదయంలో కోరికలే మొలకెత్తకుండా చేయమన్నాడు. దీనులను విడిచి తానొక్కడే ముక్తిని పొందడం తనకు ఇష్టం లేదని అంతకుముందే విన్నవించాడు. ఆపై మరొకటి అడిగాడు: తనను చంపబోయిన తండ్రి పాపవిముక్తుడు కావాలని. ఇరవై ఒక్క తరాల పితృదేవతలతో పాటు అతడు పవిత్రుడయ్యాడని స్వామి పలికి, తండ్రికి ఉత్తరక్రియలు జరపమని ఆదేశించాడు. ప్రహ్లాదుడు వాటిని యథావిధిగా నిర్వర్తించి, ఆ తర్వాతే పట్టాభిషిక్తుడయ్యాడు.