దయగల పాలకుడు చాలడు

కన్‌ఫ్యూషియస్ పేరు నేడు చైనా పాలకుల నోట తరచుగా వినబడుతున్నది. 2013 నవంబరులో షీ జిన్‌పింగ్ ఆయన జన్మస్థలమైన చూఫూను సందర్శించారు. మరుసటి ఏడు ఆయన 2,565వ జయంతి సభలో ప్రసంగించారు. 1974లో ఇదే పార్టీ ఆ గురువును అభివృద్ధి నిరోధకుడని దేశమంతటా నిందించింది. నాడు తిట్టిన నోరే నేడు పొగుడుతున్నది. మా అభ్యంతరం పొగడ్త మీద కాదు, సగం బోధను దాచడం మీద.

క్రీ.పూ. 551లో పుట్టిన ఆ గురువు పాలనకు పునాది 'రెన్' అన్నాడు. అంటే సాటి మనిషి పట్ల కరుణ. తిండి, ఆయుధాలు, ప్రజల విశ్వాసం అనే మూడింటిలో చివరివరకూ విడువరానిది విశ్వాసమేనని బోధించాడు. పాలకుని మొదటి పని పేర్లను సరిదిద్దడమనీ, తగని పేరు పెడితే చివరకు న్యాయమే దారి తప్పుతుందనీ ఆయన భావం.

ఈ కొలతతోనే సిన్‌జియాంగ్‌ను చూద్దాం. ఉయ్‌ఘర్ తదితర ముస్లింలను పెద్దసంఖ్యలో నిర్బంధించిన చోట్లకు ప్రభుత్వం పెట్టిన పేరు 'వృత్తి విద్యా శిక్షణ కేంద్రాలు'. అక్కడివారంతా చదువు పూర్తి చేసుకున్నారని 2019 డిసెంబరులో అధికారులు ప్రకటించారు. ఆ నిర్బంధాలు మానవాళిపై నేరాలు కావచ్చునని 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నివేదించింది. బయటినుంచి తాళం వేసిన గదిని బడి అంటారా? గురువు మొదటి పాఠంలోనే ఈ శిష్యులు తప్పారు.

పోనీ, ముస్లింలు ఆ సంస్కృతికి పరాయివారా? 17, 18 శతాబ్దాల సంధికాలంలో నాన్‌జింగ్ పండితుడు లియూ జీ ఇస్లాంను కన్‌ఫ్యూషియన్ పరిభాషలోనే వివరించాడు. విశ్వాసం విడువకుండానే ఆ భాషను తనది చేసుకున్నాడు. అటువంటి దేశంలో ఇస్లాంను 'చైనీకరించే' ఐదేళ్ల ప్రణాళిక 2019లో వెల్లడి కావడం చరిత్రను మరవడమే.

తప్పు పాలకులదే గాని బోధది కాదని కొందరంటారు. కొంత నిజమే. మెన్షియస్ ప్రజలను రాజుకన్నా పైన నిలిపాడు. ఆ మాటలు నచ్చని మింగ్ చక్రవర్తి హొంగ్‌వు కాలంలో, 1394లో, ఆ గ్రంథంలోని అనేక భాగాలను తొలగించారు. లోపం ఇక్కడే ఉన్నది. చక్రవర్తి కత్తెర పట్టినప్పుడు ఆపగల చట్టం లేదు. రాజు దయ మానుకుంటే నిలదీసే దారి లేదు.

సర్కారు కొలువులో మా చేతులమీదుగా ఎన్నో దరఖాస్తులు నడిచాయి. న్యాయంగా రావలసిన పింఛనుకు సైతం మనవారు 'దయతో మంజూరు చేయ ప్రార్థన' అని రాసేవారు. మంచి అధికారి బదిలీ అయితే ఆ దయ కూడా ఆయన వెంటే బదిలీ అయ్యేది. రూలు మాత్రం ఫైలులోనే ఉండేది.

నాయకులు కరుణామయులైతే సంతోషమే. కాని ఇఫ్తార్ విందులో వడ్డించే దయను చూసి మురిసిపోవద్దు. మన రాజ్యాంగం 25 నుంచి 30 వరకు గల అధికరణాలలో ఇచ్చినది దయ కాదు, హక్కు. ఇకమీదట దరఖాస్తులో ప్రార్థనకు ముందు ఆ అధికరణం సంఖ్య రాద్దాం.