బాండు వారసులకు చేరింది, డబ్బు చేరలేదు

అగ్రిగోల్డ్ బాధితుల మాట ఎత్తితే చాలు, చదువుకున్న పెద్దమనుషులు కూడా అత్యాశకు పోయారు, అనుభవిస్తున్నారు అని తేల్చేస్తారు. ఏమిటండీ ఆ అత్యాశ? ఇడ్లీలమ్ముకునే ఆవిడ రోజుకు యాభయ్యో వందో ఏజెంటు చేతిలో పెట్టడమా? ఐదేళ్లు పోతే పిల్ల పెళ్లికి పనికొస్తాయి, లేదంటే ప్లాటైనా ఇస్తారు అనుకోవడమా? ఆ ఏజెంటు ఎక్కడివాడో కాదు, వరసకు తమ్ముడు. గుమ్మంలో నిలబడి "అక్కా, ఇవాళ్టిది ఇవ్వు" అని అడిగినవాడు. బ్యాంకులు ఆ గుమ్మం దాకా ఏనాడొచ్చాయి?

విజయవాడ కేంద్రంగా అవ్వా వెంకట రామారావు, ఆయన సోదరులు నడిపిన కుటుంబ సంస్థ అగ్రిగోల్డ్. జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసింది. తెలుగు రాష్ట్రాలు దాటి కర్ణాటక, ఒడిశాల దాకా పాకింది. 32 లక్షల ఖాతాలు, సుమారు 6,380 కోట్ల రూపాయలు. ఇదంతా చీకట్లో జరగలేదు. ఊరూరా ఆఫీసులు, బోర్డులు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో, చినకాకాని దగ్గర, ఆ సంస్థ రిసార్టు హాయ్‌లాండ్ అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆ దారిన కార్లలో తిరిగిన అధికారుల్లో ఒక్కరైనా, ఈ డబ్బు ఎవరి అనుమతితో వసూలవుతోందని సకాలంలో అడిగి ఉంటే! వాళ్లు అడగని ప్రశ్న ఇడ్లీలమ్ముకునే మనిషి అడగాల్సిందా?

చెల్లింపులు ఆగాక జనం ఏజెంట్ల ఇళ్లమీద పడ్డారు. అయినవాళ్ల ముఖం చూడలేక కొందరు ఏజెంట్లు ప్రాణాలు తీసుకున్నారు. 2016లో సంస్థ ఛైర్మన్ రామారావు అరెస్టయ్యారు. ఆ తర్వాత కమిటీలు, వాయిదాలు, సంస్థ ఆస్తులు కొంటామని వచ్చి వెనక్కిపోయిన కంపెనీలు. 2019లో పది వేల లోపు కట్టినవాళ్లకు, 2021లో ఇరవై వేల లోపు వాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించింది. మంచిదే. మరి నలభై వేలు కట్టిన కూలీ మాటేమిటి? ఎక్కువ దాచుకోవడమే ఆయన నేరమా?

ఈలోగా ఎందరో పోయారు. బీరువాలో అగ్రిగోల్డ్ ఇచ్చిన బాండు మాత్రం ఉంది, దానిమీద నామినీగా కొడుకు పేరూ ఉంది. ఆస్తులు కూడబెట్టినవాళ్ల పిల్లలకు ఆస్తులు, పొదుపు చేసినవాళ్ల పిల్లలకు ఈ కాగితం! ఇది చూసి కూడా కడుపు రగలని సమాజాన్ని ఏమనాలి?

జప్తు చేసిన ఆస్తుల్లో వందల కోట్ల విలువైనవి 2025లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) రాష్ట్రానికి అప్పగించింది. ఇక సాకులు వద్దు. వేలం ఎప్పుడు? చనిపోయినవాళ్ల నామినీల పేర్లు ఎప్పుడు నమోదు చేస్తారు? ఏ తేదీన, ఎవరి ఖాతాలో, ఎంత వేస్తారు? అది చెప్పండి.